గురువారం, కార్పెట్ల కొట్టు పైన

కీత్లీలో కార్పెట్ల కొట్టు పైన
ఇరవై రెండు మెట్లు.
కమ్మీ పట్టుకోకుండా ఎక్కేవాళ్ళం ముగ్గురమే.
ఆరు పౌన్లు, టీతో కలిపి.
డబ్బాలో అల్లం బిస్కెట్లు ముందు అయిపోతాయి,
అందుకని కొందరు అరగంట ముందే వస్తారు,
టాంగో మీద ప్రేమ అంటారు.

నేర్పేది గ్లెనిస్.
పగలంతా జనానికి కారు నడపడం నేర్పుతుంది.
ఇక్కడ కూడా, ఎవరైనా గోడ మీదికి పోతుంటే,
ఆవిడ కుడికాలు లేని బ్రేకుని తొక్కుతుంది.
"అద్దం చూసుకో" అంటుంది మగవాళ్ళతో.
నాతో, "నీకు అద్దం లేదు తల్లీ.
వెనక్కి నడువు."

వెనక్కి.
బళ్ళో, ఇంట్లో, ఆఖరికి వీసా ఆఫీసు వరసలో కూడా
వెనకడుగు వెయ్యకు అనే విన్నాను.
వెనకంజ వేసినవాడికి మా వైపు
ఒక్క పద్యమైనా దక్కలేదు.
నలభై ఏడేళ్ళొచ్చాక
డబ్బులిచ్చి నేర్చుకుంటున్నాను:
ముందు తుంటి దగ్గర కాలిని వదిలెయ్యాలి,
బొటనవేలు నేలని రాసుకుంటూ పోవాలి,
మడమ ఆఖర్న,
నిద్రపోతున్న ఇంట్లో తలుపు దగ్గరికి వేసినట్టు.

నా జోడీ క్లిఫర్డ్. డెబ్భై ఒకటి.
ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు,
మూలల దగ్గర ఇప్పటికీ వెడల్పుగా తిరుగుతాడు.
మొదటి వారం ముఖం చూసి గుర్తుపట్టలేదు.
నా వీపు మీద చెయ్యేసి ఎడమకి ఒరిగినప్పుడు తెలిసింది,
మార్చిలో నేను తీసిన ఎక్స్‌రే.
ఎడమ తుంటి. టైటానియం. రెండు మరలు.
గిన్నెలో కూర్చోబెట్టిన గుడ్డులా తెల్లగా.
పైకి అనలేదు. అనకూడదని రూలు.
రెండో వారం అతనే అన్నాడు:
"ఊపిరి బిగబట్టు, కదలకు అన్నది నువ్వే కదూ?"

నేనే.
రోజుకి నలభై మందికి అదే చెబుతాను.
భుజం తిప్పుతాను, గడ్డం ఎత్తుతాను,
చేతి తొడుగుల్లోంచి ఎందర్నో ముట్టుకుంటాను,
గాజు వెనక్కి వెళ్ళిపోతాను.

ఇక్కడేమో ఊపిరి వదలమంటారు.
మర్చిపోతాను.
పాట ఇంకా మలుపు తిరగకముందే
నేను తిరిగేసి ఉంటాను,
అతను ఎటు తీసుకెళ్తాడో ఊహించేసి.
"అడక్కుండానే జవాబిస్తున్నావు" అంటాడు క్లిఫర్డ్,
స్టాపు రాకుండానే లేచి నిలబడే ప్రయాణికుల్ని
ముప్ఫై ఏళ్ళు భరించిన మనిషి.

నవ్వొచ్చి ఆగిపోయాను.
మా భాషలో, అన్నాను,
కాలితో వేసేదీ అడుగే,
నోరు తెరిచి ప్రశ్నించమనడమూ అడుగే.
"అడూ... గు" అన్నాడు,
నోట్లో వేడి బంగాళాదుంప ఉన్నట్టు.
మూడో అర్థం నా కప్పులో ఉంది,
నానిపోయిన బిస్కెట్టు ముక్క కింద.
అది చెప్పలేదు.

అప్పట్నించీ కదిలే ముందు గొణుగుతాడు, అడుగు.
ఆజ్ఞో, వట్టి నామవాచకమో అతనికీ తెలీదు.
నేను ఆగుతాను.
ఆగినంతసేపూ
కింద కొట్టు షట్టరు దింపుతున్న మోత,
కిటికీ మీద వాన,
అతని చొక్కాలో పిప్పరమెంటు వాసన.
మంచి కాలి మీంచి లోహం కాలి మీదికి
అతని బరువు మారడం నా అరచేతికి తెలుస్తుంది.
అప్పుడు, వెనక్కి.
చాలాసార్లు ఇంకా తొక్కుకుంటాం.
"క్లచ్!" అని అరుస్తుంది గ్లెనిస్.

శుక్రవారం పొద్దున ఒకావిడకి ఛాతీ ఎక్స్‌రే.
ఊపిరి బిగబట్టండి, కదలకండి, అన్నాను,
ఆవిడ వైపే చూస్తూ
గాజు గదిలోకి వెనక్కి నడిచాను,
బొటనవేలు, పాదం, ఆఖర్న మడమ.
తలుపు అంచు వీపుకి ఠంగున తగిలింది.

ఆవిడ పడీపడీ నవ్వింది.
అదృష్టం, మీట ఇంకా నొక్కలేదు.
నవ్వు అయ్యేదాకా ఆగాను.